నాలుగు దిమ్మెలూ సమానమే

మా పాత ట్రక్కు కుడివైపు తలుపుకి, పైన వెనక మూలలో, చిటికెన వేలు దూరేంత సందు ఉంది. వాన పడితే నీళ్లు సరిగ్గా నా భుజం మీదే పడతాయి. చూసిన ప్రతివాడూ ఒక సలహా పారేసి పోతాడు. రబ్బరు బీడింగు వేయించమని ఒకడు, లప్పం పెట్టి రంగు కొట్టేస్తే కనబడదని ఇంకొకడు. మొన్న గ్యాస్ సిలిండర్ దించడానికి వచ్చినతను కూడా ఆ సందులో వేలు పెట్టి చూసి, ఎవడో డెంటర్ మిమ్మల్ని మంచిగనే ముంచిండు సార్ అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సిలిండర్‌తో సహా అతన్ని గేటు బయటికి తోసేయాలనిపించింది. కానీ ఆ మాట అందరికంటే ముందు అన్నది నేనే.

కోపం నాకు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. మూడో అంతస్తులో నేను అరిస్తే గేటు బయట మిర్చి బజ్జీలు వేసే ఆమె ఉలిక్కిపడేదని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లు. రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. ఇంట్లో ఉండేది నేనూ నా భార్యా. ఆమె మీద అరిస్తే టీవీ సౌండు పెంచుతుంది. ఏదో ఒక పని పెట్టుకోకపోతే పిచ్చెక్కుతుందని నాకే తెలిసి, హయత్‌నగర్ దాటాక రోడ్డు పక్క ఒక తుక్కు దుకాణంలో పడి ఉన్న ఈ బండిని తెచ్చాను. ముందు ముక్కు పొడుగ్గా, వెనక చిన్న తొట్టితో ఉండే పాతకాలపు ట్రక్కు ఇది. నా చిన్నప్పుడు అల్మాస్‌గూడ ఊరుగా ఉన్న రోజుల్లో ఇలాంటి బండే మా పొలాల్లో వంకాయలు, టమాటాలు ఎత్తుకొని పట్నం పోయేది. దాని వెనక బుట్టల మధ్య కూర్చొని నేను హైస్కూలుకు పోయేవాణ్ణి. ఇప్పుడా పొలాలన్నీ కాలనీలు. మా ఇల్లు కూడా ఒకప్పటి మా వంకాయ మడి మీదే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా ఎవరికీ అర్థం కాదు. చెప్పడానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నేను వాస్తును నమ్మను. నమ్మనని ముప్ఫై ఏళ్లు స్టాఫ్ రూములో బల్ల గుద్ది చెప్పాను. తెలుగు మాస్టారు తన ఇంటి గేటును తూర్పుకు మార్పించుకుంటే, గాలికి దిక్కులు తెలుసా అయ్యా అని అందరి ముందూ వెటకారం చేశాను. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి నేను రిటైరయిన ఏడాదికి వాటర్ ట్యాంకు కడగబోయి నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అదే నెలలో నా భార్యకు షుగరు బయటపడింది. ఆమె ఒక వాస్తు ఆయన్ని పిలిపించింది. ఆయన మా వాకిలంతా తిరిగి, నైరుతి మూల పల్లంగా ఉంది, దాన్ని లేపితే తప్ప ఈ ఇంట్లో మనుషులు లేవరు అని తేల్చాడు. నేను గట్టిగా నవ్వాను. నవ్విన పదిహేనో రోజుకు ఆ మూలన షాబాదు బండలు పీకించి, కింద మట్టీ కాంక్రీటూ పోయించి, రెండు వేళ్ల ఎత్తు లేపి మళ్లీ పరిపించాను. భయపడ్డాను. అంతే, దానికి వేరే పేరు లేదు. నీళ్లు పోసిన లెవెల్ పైపు ఒక కొస మేస్త్రీ పట్టుకుంటే రెండో కొస నేనే పట్టుకున్నాను, రెండు వేళ్లకు ఒక్క నూలు తగ్గకూడదని. ఎదురింటాయన వచ్చి ఏం పని పెట్టుకున్నారని అడిగితే, వాన నీళ్లు నిలుస్తున్నాయి, వాలు సరిచేయిస్తున్నా అన్నాను. అందరికీ అదే చెప్పాను. ఏడాది తిరిగేసరికి అందరికంటే బాగా నేనే దాన్ని నమ్మేశాను.

బండి వచ్చిన రోజు నా భార్య, బరువు నైరుతిలోనే ఉండాలట, అక్కడే పెట్టించండి అంది. గేటుకు అడ్డం రాకుండా ఉంటుందిలే అన్నట్టుగా నేను ఒప్పుకున్నాను. అలా బండి మూతి తూర్పుకు, వెనక కుడివైపు సరిగ్గా లేపిన మూల మీదకు వచ్చి నిలబడింది. తుప్పు వదిలించడానికి చక్రాలూ స్ప్రింగులూ విప్పాలి కాబట్టి, బండికి వెన్నెముక లాంటి ఇనుప చట్రాన్ని నాలుగు చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టాం. ఆ దిమ్మెల్ని ఎల్‌బీ నగర్‌లో టింబర్ డిపోకు పోయి దగ్గరుండి కోయించాను. స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే ఒక దిమ్మె రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. దాన్ని కోసినవాడి మొహాన కొట్టినంత పని చేసి మళ్లీ చెక్కించాను. నాలుగూ సమానం. నాలుగు కాళ్ల స్టూలు ఎగుడుదిగుడు నేల మీద ఎందుకు ఊగుతుందో ముప్ఫై బ్యాచుల పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మనిషి, కాళ్లు కొలిచి నేలను మరిచిపోయాడు.

ఉస్తాద్ వచ్చింది అప్పుడే. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక లోపల ఒక సందు ఉంది. బండ్ల సొట్టలు తీసే డెంటర్లు, పెయింటర్లు, సీటు కవర్లు కుట్టేవాళ్లు అందరూ అక్కడే. ఆ సందులో అందరికంటే పెద్దవాడు అతనే. డెబ్బై దగ్గర పడి ఉంటాయి. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. సొట్ట పడిన రేకును లోపల నుంచి ఒక ఇనుప ముద్ద ఆనించి, బయట నుంచి చిన్న సుత్తితో తట్టి తట్టి లేపుతాడు. కుర్రవాళ్లు లప్పంతో పూడ్చే గుంటని అతను లప్పం ముట్టకుండా చదును చేస్తాడని సందులో చెప్పుకుంటారు. కానీ ఇప్పటి కార్లకు ఆ పని ఎవరికి కావాలి? పగిలిన బంపరు తీసి కొత్తది బిగిస్తారు, అయిపోతుంది. రెండేళ్లుగా అతనికి చేతి నిండా పని లేదు. ఆ సందులోనే ఒక షెడ్డు ఓనరు పాత మొహమాటానికి ఒక మూల ఇచ్చాడు. ఆ మూలలో కూడా రోజుకో స్కూటరు తెచ్చి పెడుతున్నారట. మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, రేకు మీద అరచెయ్యి వేసి, నాతో చెప్పిన మొదటి మాట ఇదే.

“గిదొక్కటి మంచిగ నిలబెడితే సాలు సారు. సందుల మళ్ల నా దిక్కు సూస్తరు.”

రెండో మాట నేల గురించి. వెనక కుడి మూలన గొంతుక్కూర్చొని, బండ మీద చెయ్యి ఆనించి, బండి కిందికి వంగి చూశాడు. లేచి, గీ మూల జర ఎత్తున్నట్టు కొడుతుంది సారు, బండిని రోడ్డు మీదికి గుంజి చేసుకుందమా అని అడిగాడు. మామూలు ప్రశ్న. అవునంటే అయిపోయేది, ఒక దిమ్మెను రెండు వేళ్లు కోస్తే సరిపోయేది. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మూల మాట ఎత్తేసరికి నాకు తెలుగు మాస్టారి మొహం కనబడింది. గేటు దగ్గర ఎదురింటాయన కూడా నిలబడి వింటున్నాడు.

“నేల మంచిగనే ఉంది. లెవెల్ పైపు పట్టి నేనే ఏపిచ్చిన. నువ్వు తలుపు సంగతి సూడు.”

నేనన్నది అబద్ధం. లెవెల్ పైపు పట్టిన మాట నిజమే కాబట్టి అబద్ధానికి మంచి బలం వచ్చింది. ఉస్తాద్ తలూపి తలుపు దగ్గరికి పోయాడు.

మూడు వారాలు ఆ తలుపు మమ్మల్ని ఏడిపించింది. ఎడమ తలుపు కొంత ఒదిగింది, బానెట్ కూడా మాట వింది. కుడి తలుపు మాత్రం కింద సరిచేస్తే పైన తగిలేది, పైన సరిచేస్తే తాళం దగ్గర పట్టేది. తలుపు కబ్జాల, అంటే మడతబందుల కింద సన్నటి రేకు ముక్కలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసేవాడు ఉస్తాద్. తలుపుకీ దాని గుమ్మానికీ మధ్య సందు చుట్టూ ఒకే తీరుగా ఉందో లేదో చూడటానికి అతని దగ్గర చెప్పు అడుగు నుంచి కోసిన ఒక రబ్బరు పలక ఉండేది. దాన్ని సందులో పెట్టి చుట్టూ లాగుతాడు. ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో వేళ్లకు తెలుస్తుంది. లాగేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. రోజూ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్న నేను అది చూసి మొదట్లో ముచ్చటపడ్డాను. రెండో వారానికి అనుమానపడ్డాను. చూపు సరిగా లేక దాన్ని దాచడానికి కళ్లు మూసుకుంటున్నాడేమో అనుకున్నాను. అనుమానం వచ్చాక అతను చేసే ప్రతి పనిలోనూ నాకు అదే కనబడింది. స్పానరు కోసం చెయ్యి చాపితే తడుముకుంటున్నాడనిపించేది.

మూడో వారంలో అతను మళ్లీ నేల మాట ఎత్తాడు. తలుపులో తప్పు లేదు, చట్రమే మెలి పడ్డట్టుంది, ఒకసారి రోడ్డు మీద చూద్దాం అన్నాడు. నాకు తిక్క రేగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా నేల మీద పడ్డావేంది అని గట్టిగానే అన్నాను. ఆ మూల చల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు నా కాళ్ల కిందే ఉంది. నా చెప్పుల్లో మడమ ఒకవైపు ఎత్తుగా అనిపించి ఉండాలి, కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తలుపు పై మూల ఎక్కడ తగులుతుందో అక్కడ గ్రైండరు పెట్టి కోసెయ్యమన్నాను. ఉస్తాద్ రబ్బరు పలకను ఇంకోసారి సందులో లాగి చూశాడు. ఇనుము కోసుడు అల్కగనే ఉంటది సారు, అతికిచ్చుడే కష్టం అన్నాడు. నా బండి, నేను చెప్తున్నా, కొయ్ అన్నాను. కోశాడు. తలుపు చక్కగా పడింది. టక్కుమని పడిన ఆ చప్పుడుకు నేను చప్పట్లు కొట్టాను. అతను మాత్రం నవ్వలేదు.

స్ప్రింగులూ చక్రాలూ బిగించి బండిని రంగు షెడ్డుకు తీసుకుపోయే రోజు వచ్చింది. లాగడానికి ఉస్తాద్ ఉండే సందు నుంచే ఇద్దరు డెంటర్లు, పెయింటరు వచ్చారు. కాలనీ వాళ్లు పది మంది గేటు దగ్గర చేరారు. ఉస్తాద్ ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. తోసుకుంటూ రోడ్డు మీదకు తెచ్చాం. బాగా చదునైన సిమెంటు రోడ్డు. అందరికీ చూపిద్దామని నేను కుడి తలుపు తెరిచి వేశాను. కింద కొస గుమ్మానికి తగిలి కీచుమంది. పైన, మేము కోసిన చోట, నోరు తెరుచుకొని ఇంత సందు. ఇంకోసారి వేశాను. భుజంతో తోసి వేశాను. అదే సందు. వెనక నుంచి ఎవరో చిన్నగా నవ్వారు.

అప్పుడు నేను అన్న మాటలు మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను. మారిస్తే నాకు తక్కువ శిక్ష పడుతుంది.

“కండ్లు కనబడకపోతె ఇంట్ల కూసోవాలె ఉస్తాద్. మంది బండ్లు కరాబ్ చేసుడెందుకు?”

ముప్ఫై ఏళ్లు మూడో అంతస్తు నుంచి గేటు దాకా వినబడిన గొంతుతో అన్నాను. ఆ ఇద్దరు డెంటర్లూ తలలు దించుకున్నారు. ఉస్తాద్ తలుపు దగ్గరికి వచ్చి, కళ్లు మూసుకొని, ఆ సందు మీద వేలు ఒకసారి పోనిచ్చాడు. తర్వాత సరే సారు అన్నాడు. సుత్తెలూ ఇనుప ముద్దలూ గోనెసంచిలో చుట్టుకొని, వాళ్ల బండి ఎక్కకుండా నడుచుకుంటూ మెయిన్ రోడ్డు వైపు పోయాడు. బండి రంగు షెడ్డుకు పోకుండా గేటు ముందే ఆగిపోయింది. ఆ రోజంతా నాకు న్యాయం చేసినట్టే ఉంది. అన్నం కూడా బాగానే తిన్నాను.

మరుసటి రోజు పొద్దున నా భార్య, బండి పోయిన చోట గ్రీజు మరకలు కడుగుతోంది. బకెట్ నీళ్లు నైరుతి మూలన కుమ్మరిస్తే అవి అక్కడ ఒక్క క్షణం నిలవకుండా, మిగతా మూడు దిమ్మెలు ఉన్న వైపుకు పారాయి. నేను పేపరు చదువుతూ, ఉస్తాద్‌ను రాత్రి నుంచి తిడుతున్న తిట్లే మళ్లీ తిడుతున్నాను. ఆమె చీపురు ఆపి, మామూలుగా అంది.

“గా మూల మనమే లేపిచ్చినం గద. బండి దాని మీదనే ఉండె గద.”

నేను అటకెక్కి లెవెల్ పైపు తీశాను. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస నేను. రెండు వేళ్ల తేడా, ఒక్క నూలు తగ్గలేదు. రెండు వేళ్లు లేచిన మూల మీద సమానమైన దిమ్మె పెట్టి, చట్రాన్ని మెలితిప్పి, ఆ మెలికకు సరిపోయేలా మంచి తలుపును కోయించాను. ఉస్తాద్ మొదటి గంటలోనే అరచేత్తో పట్టుకున్న సంగతిని నేను లెవెల్ పైపు పెట్టుకొని కూడా కాదన్నాను.

ఆ పూటే పోవాల్సింది. మా ఇంటి నుంచి ఉస్తాద్ ఉండే సందుకు ఆటోలో పావుగంట. పది రోజులు పోలేదు. ఎందుకు పోలేదంటే రోజుకో కారణం దొరికింది. అంత తెలిసినవాడు గట్టిగా పట్టుబట్టొద్దా అని ఒక రోజు, కోసేటప్పుడు చెయ్యి ఎందుకు ఆపలేదని ఒక రోజు. వాస్తు ఆయన్ని తిట్టాను. బండలు పరిచిన మేస్త్రీని తిట్టాను. మూల లేపించిందని నా భార్యను తిడితే, నేను లేపమన్న గని అబద్ధమాడమన్ననా అని అడిగి లోపలికి పోయింది. అసలు భయం వేరే. పోయి తప్పు ఒప్పుకుంటే నేల ఎందుకు లేపించానో కూడా చెప్పాలి. ఒక మనిషి పని పోతున్నదని తెలిసీ వాస్తును నమ్మననే నా పరువు కాపాడుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

పదకొండో రోజు పోయాను. షెడ్డులో ఉస్తాద్ మూలన ఎవరిదో స్కూటరు ఉంది. అడిగితే ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ చూపించారు. బయట బెంచీ మీద, ఖాళీ కప్పు పక్కన పెట్టుకొని, రెండు చేతులూ ఒళ్లో వేసుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని నేనూ పక్కన కూర్చున్నాను. పనికి పోలేదా అని అడిగాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న నా పిల్లలెవరూ క్లాసులో అడగలేదు.

“దవాఖానల సూపిచ్చుకున్న సారు. కండ్లు మంచిగనే ఉన్నయన్నరు,” అన్నాడు. ఒళ్లో చేతుల వైపు చూసుకుంటూ, “కండ్లు మంచిగుంటె ఇగ పోయింది చెయ్యే గద,” అన్నాడు.

చెప్పేశాను. మూల సంగతి, వాస్తు సంగతి, ఎదురింటాయన ముందు ఆడిన అబద్ధం, పది రోజుల పిరికితనం అంతా. అతను రోడ్డు వైపు చూస్తూ విన్నాడు. నాకు గా రోజే డౌటొచ్చింది సారు అన్నాడు. మరి ఎందుకు గట్టిగా అనలేదని అడిగాను. ఆ ప్రశ్నలో కూడా నా పాత కోపం ధ్వనించింది, సిగ్గు లేకుండా.

“సదువు చెప్పెటోళ్లు అబద్ధమెందుకు చెప్తరు అనుకున్న,” అన్నాడు ఉస్తాద్. “మీ నేల మంచిదే, నా చెయ్యే ఎక్కడనో తప్పుతున్నదనుకున్న.”

యాభై ఏళ్లు ఇనుము మీద ఆడిన చేతికంటే, కుర్చీ వేసుకొని కూర్చున్న నా నోటికి ఎక్కువ విలువ ఇచ్చాడు. నేను అతని చెయ్యి పట్టుకొని క్షమించమన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, పట్టుకోనూ లేదు. నాకొక్కనికి జెప్తె ఏం ఫాయిద సారు, గాళ్లకు జెప్పుండ్రి అని సందు వైపు గదుమ ఎత్తి చూపించాడు.

లేచి సందు మధ్యలో నిలబడ్డాను. ఉస్తాద్ తప్పేమీ లేదు, నా నేలే వంకర, అది తెలిసీ నేనే అబద్ధం చెప్పాను అని అరిచాను. గ్రైండర్లు నడుస్తున్నాయి. సగం మాటలు ఎవరికీ వినబడలేదు. గ్రైండరు పట్టుకున్నతను ఆపి, ఏంది సారు అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, వాస్తు సంగతితో సహా. మా ఇంటికి బండి లాగడానికి వచ్చిన ఆ ఇద్దరూ కూడా విన్నారు. ఎవరూ నవ్వలేదు. మళ్లీ ఎవరి పని వాళ్లు మొదలుపెట్టారు.

నేను బెంచీ దగ్గరికి తిరిగి వచ్చి, బండిని రోడ్డు మీదే ఉంచుతాను, రేపు పొద్దున వచ్చి ఆ తలుపు నువ్వే సరిచెయ్యాలి, నువ్వు తప్ప వేరెవ్వరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు అన్నాను. షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో తడుతున్నారు. ఉస్తాద్ ఆ చప్పుడు విని అటు చూశాడు.

“నా సుత్తెలన్ని గీ పోరగాళ్లకే పంచిచ్చిన సారు,” అన్నాడు. “దేంతోని చెయ్యాలె?”